నెలనెలా మందులకు బీమా ఏది?

సంపాదకులకు,

మా వారికి పార్కిన్సన్స్ జబ్బు. లీవోడోపా మాత్ర వేళ తప్పితే చేతులు బిగుసుకుపోతాయి, అన్నం ముద్ద నోటిదాకా రాదు. ఆరోగ్య బీమాకు ఏటా ప్రీమియం కడుతూనే ఉన్నాం. మందుల బిల్లు పెడితే మాత్రం ఆసుపత్రిలో చేరితేనే చెల్లిస్తామంటారు. చాలా పాలసీల్లో నియమం ఇదే: కనీసం 24 గంటలు చేరి ఉండాలి, బయట కొన్న మందులకైతే చేరడానికి ముందు 30 రోజులు, ఇంటికొచ్చాక 60 రోజుల వరకే. జీవితాంతం మింగాల్సిన మాత్రకు అందులో చోటెక్కడ? అది వేళకు పడితేనే కదా మనిషి ఆసుపత్రి మెట్లెక్కకుండా ఉండేది!

ముందే ఉన్న జబ్బులకు బీమా వర్తించేందుకు ఆగాల్సిన గరిష్ఠ గడువును 2024లో నాలుగేళ్ల నుంచి మూడేళ్లకు తగ్గించారు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమాపై జీఎస్టీ ఎత్తేశారు. మేలే, కాదనను. కానీ మందుల దుకాణంలో కట్టేది ఇప్పటికీ మా పింఛను డబ్బే.

జనరిక్ మందులు, అంటే బ్రాండు పేరు లేకుండా అదే మందు, అమ్మే జన ఔషధి కేంద్రాల్లో ధర తక్కువ. చీటీలో బ్రాండు పేరే ఉంటే మార్చి ఇవ్వడానికి వాళ్లు జంకుతారు. వైద్యులు దయచేసి మందు అసలు పేరు రాయాలి. దీర్ఘకాలిక జబ్బుల మందులకు, కనీసం జనరిక్ ధర మేరకైనా, ప్రతి పాలసీలో చెల్లింపు తప్పనిసరి చేయాలని బీమా నియంత్రణ సంస్థను కోరుతున్నాను.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, తెనాలి