సరిహద్దు ఊళ్లలో చీటీ లేకుండా యాంటీబయాటిక్‌ల అమ్మకం

సంపాదకులకు నమస్కారం.

ఒడిశా, ఆంధ్ర సరిహద్దులోని మా పర్లాకిమిడిలో ఒళ్లు కాస్త వేడెక్కితే చాలామంది ముందు వెళ్లేది మందుల షాపుకే. సెఫిక్సిమ్ అనే యాంటీబయాటిక్ మాత్రలు నాలుగు, డాక్టరు చీటీ అడగకుండానే చేతిలో పెడతారు. వైరస్ వల్ల వచ్చిన జ్వరానికి ఆ మాత్ర పనిచెయ్యదు. జ్వరం దానంతటదే తగ్గుతుంది, పేరు మాత్రకు వస్తుంది. సెఫిక్సిమ్ షెడ్యూల్ హెచ్1 మందు, అంటే డాక్టరు చీటీ మీదే అమ్మాల్సిన మందుల జాబితాలోది. అలాంటి మందు అమ్మితే డాక్టరు పేరు, రోగి పేరు, ఎన్ని మాత్రలు ఇచ్చారో విడిగా రిజిస్టర్లో రాసి మూడేళ్లు ఉంచాలన్న నిబంధన 2014 మార్చి నుంచే అమల్లో ఉంది. నేను మందులు కొనే షాపుల్లో ఆ రిజిస్టరు తెరవడం ఎప్పుడూ చూడలేదు.

యాంటీబయాటిక్‌లు ఇలా ఇష్టమొచ్చినట్టు వాడితే బ్యాక్టీరియా వాటికి లొంగకుండా పోతుంది. దీని ఫలితం షుగర్ ఉన్నవాళ్ల కాలిపుండ్ల దగ్గర తెలుస్తుంది. మా మేనత్తకు నెలల తరబడి మాత్రలు మారుస్తూ పోయారు, పుండు మానలేదు. చివరికి విశాఖపట్నంలో పుండులోని బ్యాక్టీరియాను పెంచి చూసే కల్చర్ టెస్టు చేశాకే ఏ మందు పనిచేస్తుందో తేలింది. ఇలాంటి పుండ్లలో, మూత్రం పోవడానికి రోగికి పెట్టే గొట్టాల్లో బ్యాక్టీరియా ఒకదానికొకటి అంటుకుని, చుట్టూ జిగురు పొర కట్టుకుంటుంది. బయోఫిల్మ్ అంటారు. పళ్ల మీద పాచి కూడా అలాంటి పొరే. పొర లోపలికి మందు సరిగా చేరదు. లోపలున్న బ్యాక్టీరియా నెమ్మదిగా పెరుగుతుంది కాబట్టి, పెరిగేటప్పుడు దెబ్బతీసే మందులకు అది చిక్కదు. పుండు గీకి శుభ్రం చెయ్యాలి, గొట్టం మార్చాలి. ఊరికే మాత్రల పవర్ పెంచుకుంటూ పోతే మొండి బ్యాక్టీరియాయే మిగులుతుంది. 2019లో ప్రపంచంలో దాదాపు 12.7 లక్షల మరణాలకు మందులకు లొంగని బ్యాక్టీరియాయే నేరుగా కారణమని అంచనా.

కేరళ 2024 జనవరిలో ఆపరేషన్ అమృత్ పేరుతో మందుల షాపుల్లో ఆకస్మిక తనిఖీలు మొదలుపెట్టింది. ఇక్కడ ఒక్క రాష్ట్రం కదిలితే చాలదు. పర్లాకిమిడిలో గట్టిగా అడిగితే జనం సరిహద్దు దాటి ఆంధ్రలోని పాతపట్నం వెళ్లి కొంటారు, అక్కడ అడిగితే ఇక్కడికి వస్తారు. అందుకే ఒడిశా, ఆంధ్ర డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు ఒకే వారంలో రెండు వైపులా రిజిస్టర్లు తనిఖీ చెయ్యాలి. మా గజపతి జిల్లా రోగుల నమూనాలు రోజూ బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీకి పంపి, రిపోర్టు ఫోన్‌కు వచ్చే ఏర్పాటు కావాలి. కాలిపుండుతో ఉన్న మనిషిని బస్సుల్లో అంత దూరం తిప్పడం అన్యాయం. "చీటీ లేనిదే యాంటీబయాటిక్ ఇవ్వం" అన్న బోర్డు ప్రతి షాపులో ఒడియా, తెలుగు, సవర భాషల్లో పెట్టించాలి.

– ఒక పాఠకుడు, పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా