లెఫ్ట్ బ్యాక్ ఏం చేశాడో కూడా రాయండి

సంపాదకులకు,

జపాన్ ఫుట్‌బాల్ మాట వస్తే మన క్రీడాపుటల్లో కనిపించేవి నకటా, హోండా, కగావా, మిటోమా పేర్లే. అందరూ ముందు వరుసలోనో మధ్యలోనో ఆడేవాళ్లు. వెనక వరుసలో ఎడమ అంచు కాచే లెఫ్ట్ బ్యాక్ యూటో నగటోమో పేరు వచ్చినా జట్టు జాబితాలో ఒక మూల ఉండి పోతుంది. 2010 నుంచి 2022 దాకా నాలుగు ప్రపంచకప్‌లలో జపాన్ ఆడిన 15 మ్యాచ్‌లలోనూ అతను మైదానంలో ఉన్నాడు. గోల్స్ లెక్కలో డిఫెండర్ కనపడడు కాబట్టి రాయడానికి ఏమీ లేదనుకోవడం సరికాదు. రాయడానికి ఎంత ఉందో అతని కెరీర్‌లోంచే చూపిస్తాం.

నగటోమో 1986లో ఎహిమె ప్రాంతంలోని సైజోలో పుట్టాడు. ఎత్తు 170 సెంటీమీటర్లు. హిగాషి ఫుకువోకా హైస్కూల్లో మిడ్‌ఫీల్డర్‌. మెయిజి విశ్వవిద్యాలయంలో చేరాక నడుము గాయంతో కొంతకాలం ఆటకు దూరమై, జట్టు మద్దతుదారుల మధ్య నిలబడి డ్రమ్ వాయించాడు. అతన్ని డిఫెన్స్‌కు మార్చింది అక్కడే. ఆ మార్పు వెనక లెక్క ఉంది. మిడ్‌ఫీల్డర్ నాలుగు దిక్కులా చూసుకోవాలి, వెనక నుంచి వచ్చేవాణ్ణీ పసిగట్టాలి. ఫుల్ బ్యాక్‌కు, అంటే వెనక వరుసలో అంచున ఆడేవాడికి, ఒక పక్క టచ్ లైన్ (మైదానం పక్క గీత) ఉంటుంది, చూడాల్సింది సగమే. బదులుగా 50, 60 మీటర్లు పైకి పరుగెత్తి, బంతి పోగానే అంతే వేగంగా వెనక్కి రావాలి, అదీ మ్యాచంతా. అలసట తెలియని కాళ్లున్న కుర్రాడికి ఇంతకంటే తగిన చోటు లేదు.

విద్యార్థిగా ఉంటూనే జె-లీగ్ (జపాన్ ప్రొఫెషనల్ లీగ్) క్లబ్‌కు ఆడే ప్రత్యేక వెసులుబాటు జపాన్‌లో ఉంది. 2007లో అతను ఎఫ్‌సీ టోక్యోతో కలిసింది ఆ దారిలోనే. 2008లో ప్రొఫెషనల్ అయ్యాడు, అదే ఏడాది మేలో జాతీయ జట్టుకు ఆడాడు. మిటోమా, జున్యా ఇటో కూడా విశ్వవిద్యాలయాల నుంచి వచ్చినవాళ్లే. పదహారేళ్లకు అకాడమీలో చోటు దొరకని పిల్లవాడి ఆట అంతటితో అయిపోయిందని మన దగ్గర తల్లిదండ్రులూ కోచ్‌లూ తేల్చేస్తారు. విశ్వవిద్యాలయాల టోర్నీలను క్లబ్‌లతో కలిపే దారి తెలుగు రాష్ట్రాల్లోనూ ఉండాలని మా గట్టి నమ్మకం.

2010 జూన్ 14న బ్లూమ్‌ఫాంటేన్‌లో కామెరూన్‌తో ప్రపంచకప్ మ్యాచ్. అంతకు కొన్ని వారాల ముందే ఇంటర్ మిలాన్ తరఫున చాంపియన్స్ లీగ్ గెలిచిన శామ్యూల్ ఎటో కుడి వైపు ఆడాడు. అతనికి ఎదురుగా నగటోమో. హోండా గోల్‌తో జపాన్ 1-0తో గెలిచింది, ఎటోకు గోల్ దక్కలేదు. మరుసటి రోజు వార్తలన్నీ హోండా మీదే.

వేగమైన వింగర్‌ను, అంటే అంచు వెంట దాడి చేసేవాణ్ణి, పొట్టి డిఫెండర్ ఆపే పద్ధతి ఇదీ. బంతి అతనికి చేరేలోపు పూర్తి వేగంతో దూరం తగ్గించాలి. చివరి రెండు మూడు మీటర్లలో చిన్న అడుగులు వేస్తూ వేగం చంపుకోవాలి. ఛాతీ నేరుగా చూపించకుండా కాస్త పక్కకు తిరిగి, ఒక కాలు ముందు, ఒకటి వెనక పెట్టి, మీటరు, మీటరున్నర ఎడంలో నిలవాలి. లోపలి దారి మూసి టచ్ లైన్ వైపు దారి వదలాలి. బరువు ముందరి పాదాల మీదే ఉండాలి. కాలు చాపాల్సింది బంతి వింగర్ కాలి నుంచి ఒక్క క్షణం దూరమైనప్పుడే. మన జిల్లా స్థాయి ఆటల్లో ఎక్కువగా చెడేది వేగం తగ్గించుకునే దగ్గరే. అదే పరుగుతో మీదికి పోయే డిఫెండర్‌ను వింగర్ ఒక్క తాకుతో దాటేస్తాడు.

రెండోది అవతలి వైపు నుంచి వచ్చే క్రాస్, అంటే అంచు నుంచి గోల్ ముందుకు కొట్టే బంతి. బంతి కుడి అంచున ఉంటే లెఫ్ట్ బ్యాక్ రెండో పోస్టు (బంతికి దూరంగా ఉన్న గోల్ స్తంభం) వరుస దాకా లోపలికి జరగాలి, బంతినీ తన మనిషినీ ఒకే చూపులో ఉంచుకోవాలి. పొడగరితో గాలిలో పోటీ పడితే 170 సెంటీమీటర్ల వాడు ఓడిపోతాడు. అందుకని బంతి రాకముందే భుజం ఆనించి, అతను ఎగిరే చోటును తాను ఆక్రమించాలి.

2011 జనవరి 29న దోహాలో ఆసియా కప్ ఫైనల్, ప్రత్యర్థి ఆస్ట్రేలియా. రెండో సగంలో కోచ్ జాకెరోని సెంటర్ బ్యాక్ (వెనక వరుస మధ్యలో ఆడేవాడు) ఇవామాసాను మైదానంలోకి దించి, కొన్నోను లెఫ్ట్ బ్యాక్‌కు జరిపి, నగటోమోను ముందుకు పంపాడు. వెనక కాపలా ఉండడంతో అతను నిశ్చింతగా పైకి పోగలిగాడు. అదనపు సమయంలో, 109వ నిమిషంలో విల్క్‌షైర్‌ను దాటి ఎడమ కాలితో ఇచ్చిన క్రాస్‌ను తడనారి లీ గాల్లోనే గోల్‌లోకి కొట్టాడు. నగటోమో సహజంగా కుడి కాలి ఆటగాడు. ఆ ఎడమ కాలు సాధనతో వచ్చిందే.

రెండు రోజుల తర్వాత, జనవరి 31న, ఇటలీ క్లబ్ చెసేనా నుంచి ఇంటర్ మిలాన్‌కు వెళ్లాడు. అక్కడ ఏడేళ్లు. ఏటా కొత్త కోచ్, కొత్త పద్ధతి. కోచ్ మజ్జారి 3-5-2 అమరికలో (వెనక ముగ్గురు, మధ్యలో ఐదుగురు, ముందు ఇద్దరు) అంచున వింగ్ బ్యాక్‌గా ఆడించిన 2013-14లో ఇటలీ లీగ్ సీరీ ఆలో 5 గోల్స్ చేశాడు. వెనక ముగ్గురు సెంటర్ బ్యాక్‌లు ఉంటే అతను ఏం చేయగలడో ఆ ఏడాది తెలిసింది.

నష్టపోయిన రోజులను కూడా సరిగ్గా చదవాలి. 2014 ప్రపంచకప్‌లో రెసిఫెలో ఐవరీకోస్ట్ 64, 66 నిమిషాల్లో చేసిన రెండు గోల్స్‌కూ క్రాస్‌లు జపాన్ ఎడమ వైపు నుంచే వచ్చాయి, ఇచ్చింది వాళ్ల రైట్ బ్యాక్ ఓరియే. తప్పంతా నగటోమోది అనడం అన్యాయం. ఎడమ వైపు ముందున్న కగావా లోపలికి జరిగి, తిరిగి వెనక్కి రాలేదు. వింగర్ లెఫ్ట్ బ్యాక్‌ను లోపలికి లాగితే, వెనక నుంచి వచ్చిన రైట్ బ్యాక్‌కు అడ్డే లేదు. ఒకడు ఇద్దరిని ఆపలేడు.

2018 జులై 2న రొస్తోవ్‌లో బెల్జియంతో ప్రపంచకప్ మ్యాచ్‌లో జరిగింది ఇంకా బాధాకరం. 2-0తో ముందున్న జపాన్ 2-2కి వచ్చేసింది. అదనంగా ఇచ్చిన నిమిషాల్లో హోండా కార్నర్ నేరుగా గోల్‌కీపర్ కూర్త్వా చేతుల్లో పడింది. అతను వెంటనే డి బ్రూయ్న్‌కు బంతి దొర్లించాడు. దాదాపు పది సెకన్లలో చాడ్లీ గోల్ కొట్టాడు. మధ్యలో లుకాకు అడ్డంగా పరుగు తీసి నగటోమోను లోపలికి లాగాడు, అంచున మునియే ఖాళీ అయ్యాడు. గోల్‌కు దగ్గరి ప్రమాదాన్ని ముందు మూయాలన్న నియమం ప్రకారం నగటోమో చేసింది సరైనదే. లోపం అతనికంటే ముందు ఆడేవాళ్ల దగ్గర ఉంది. కార్నర్‌కు అంతమందిని పంపి, కీపర్ బంతిని తొందరగా వదలకుండా ఎదుట ఒక్కణ్ణీ నిలపలేదు, డి బ్రూయ్న్‌ను సగం గీత దగ్గరే ఆపలేదు.

2018 చివర్లో చాంపియన్స్ లీగ్ మ్యాచ్‌లో దెబ్బ తగిలి ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరింది. అప్పుడతను టర్కీ క్లబ్ గలతసరాయ్‌లో ఉన్నాడు. కోలుకుని ఆ సీజన్‌లో టర్కీ లీగ్ గెలిచాడు. తర్వాత ఫ్రాన్స్ క్లబ్ మార్సెయ్, 2021లో మళ్లీ ఎఫ్‌సీ టోక్యో. 36 ఏళ్ల వయసులో ఖతార్‌లో 2022 ప్రపంచకప్‌లో నాలుగు మ్యాచ్‌లూ మొదటి నుంచే ఆడాడు. జర్మనీతో 57వ నిమిషంలో, స్పెయిన్‌తో విరామంలో అతని చోట మిటోమాను దించారు. ముందు కాపలా, తర్వాత వేగం. ఆ రెండు విజయాల్లో మొదటి సగం పని అతనిది.

మా విన్నపం ఒక్కటే. మ్యాచ్ నివేదికలో గోల్ కొట్టినవాడి పేరుతో పాటు బంతి ఏ వైపు నుంచి వచ్చింది, ఆ వైపు ఎవరున్నారు, ఎవరు ఎవరిని వదిలేశారు అని రెండు వాక్యాలు రాయండి. గోల్ పడకపోతే ఎవరివల్ల పడలేదో రాయండి. జిల్లా, రాష్ట్ర టోర్నీల వార్తలకూ ఇదే పద్ధతి పాటిస్తే, లెఫ్ట్ బ్యాక్‌గా ఆడమంటే మొహం ముడుచుకునే పిల్లలకు చదివి వినిపించడానికి మా దగ్గర ఒక కాగితం ఉంటుంది.

— కొందరు ఫుట్‌బాల్ శిక్షకులు, సికింద్రాబాద్