ఈ వయసులో బొమ్మ కార్లేంటి అనేవాళ్ళకు

సంపాదకుడు గారికి,

నేను ఖాళీ దొరికితే 1:24 స్కేలు (అసలు కారులో 24వ వంతు) ప్లాస్టిక్ కార్ల ముక్కలు అతికించి రంగులేస్తుంటాను, ఆ లెక్కన మన అంబాసిడర్ 18 సెంటీమీటర్లకు దిగిపోతుంది. బొమ్మలాటలేంటి సార్ అనేవాళ్ళు ఒక్కసారి ప్రైమర్ (రంగు పట్టడానికి ముందు వేసే పూత) కొట్టి, ఆరాక వాటర్ పేపర్‌తో (తడిపి వాడే గరుకు కాగితం) రుద్ది, పలచగా మూడు నాలుగు పూతలు వేసి చూడాలి, తొందరపడి దట్టంగా కొడితే రంగు కారిపోతుంది. నవంబరు వానల్లో లాకర్ (త్వరగా ఆరిపోయే ఒక రకం రంగు) స్ప్రే చేస్తే తేమకు తెల్లగా మసకబారుతుంది, నా ఎర్ర కారొకటి అలాగే పాడైంది (థిన్నర్ వాసనకు ఇంట్లో పడ్డ తిట్లు వేరే). మాధవమాల చెక్కబొమ్మల జిల్లాలో ఉంటూ కిట్లు మాత్రం ఆన్‌లైన్లో తెప్పించుకుంటున్నా. మీ ఆదివారం సంచికలో దీనికో అర పేజీ ఇవ్వండి, ఊళ్ళో నాలాంటివాళ్ళు ఇంకెవరున్నారో తెలుస్తుంది.

– ఒక పాఠకుడు, తిరుపతి