మంచులోంచి వేసిన బాణం

అమ్మలూ,

రాత్రి నువ్వు ఫోను పెట్టేశాక నిద్ర పట్టలేదు. నువ్వు నడిపించే డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అనే పాత్రల ఆటకు సంబంధించి, నువ్వు ఇక్కడ వదిలేసి వెళ్లిన పాత నిబంధనల పుస్తకం తీసి, అదృశ్యంగా ఉండటం గురించిన పేరా నాలుగుసార్లు చదివాను. నువ్వు చెప్పింది అక్షరాలా నిజమే. అందులో రెండు అంశాలున్నాయి. కనబడని జీవిని మంత్రమో, ప్రత్యేక శక్తో లేకుండా ఎవరూ చూడలేరు అన్నది మొదటిది. దానిమీద దాడి చేసేవారికి డిసడ్వాంటేజ్ (పాచిక రెండుసార్లు వేసి తక్కువ అంకె తీసుకోవడం), అది చేసే దాడులకు అడ్వాంటేజ్ (రెండుసార్లు వేసి ఎక్కువ అంకె తీసుకోవడం) అన్నది రెండోది. ఈ రెండోదానికి "ఎదుటివాడికి కనబడకపోతేనే" అన్న షరతు ఎక్కడా లేదు. కాబట్టి ఆటలో నీ స్నేహితుడి పాత్ర అయిన మాంత్రికుడు అదృశ్యాన్ని చూసే మంత్రం వేసుకుని, శత్రువును నఖశిఖపర్యంతం చూస్తున్నా సరే, ఇరవై ముఖాల పాచిక రెండుసార్లు వేసి తక్కువ అంకె తీసుకోవాలన్నావు. అతను పాచికను బల్లమీద పెట్టేసి ఆట అయ్యేదాకా నోరు విప్పలేదు. "నేనేం చేయను నాన్నా, పుస్తకంలో అలాగే ఉంది" అన్నావు నువ్వు.

అలాగే ఉంది. 2014లో వచ్చిన ఐదో ఎడిషన్ గురించి అడిగితే డంజియన్స్ అండ్ డ్రాగన్స్ తయారీదారులు కూడా అప్పట్లో ఆ మాటే చెప్పారు. కానీ 2024లో పుస్తకాన్ని తిరగరాసినప్పుడు అక్కడ ఒక వాక్యం చేర్చారు: ఎవరైనా నిన్ను చూడగలిగితే వాళ్ల విషయంలో నీకు ఆ లాభం ఉండదని. నీ స్నేహితుడు అడిగిందీ అంతే కదా! మీరింకా పాత పుస్తకంతోనే ఆడుతున్నారు, దానికేం.

నేనైతే ఆ పేరాను అదృశ్యాన్ని చూసే మంత్రం వైపు నుంచి చదివేవాణ్ని. అది రెండో స్థాయి మంత్రం, గంటసేపు ఉంటుంది. కనబడనివాటిని కనబడేవాటిలాగే చూపించడం దాని పని. ఆ "లాగే" అన్న మాటకు విలువ ఇవ్వకపోతే మంత్రంలో సగం ప్రాణం పోయినట్టే. (చూసి వేయవలసిన మంత్రాలకు అప్పుడూ పనికొస్తుందనుకో, అది వేరే సంగతి.) సామాన్య నియమానికీ ప్రత్యేక నియమానికీ పడనప్పుడు ప్రత్యేకానిదే పైచేయి అని పుస్తకం మొదట్లోనే చెప్పారు. మన వ్యాకరణంలో దీన్నే ఉత్సర్గం, అపవాదం అంటారు. ఆ వ్యాకరణంలోనే "బహుళం" అని ఇంకో మాట ఉంది, చిన్నప్పుడు నిన్ను ఏడిపించింది గుర్తుందా? సంధి ఒకచోట తప్పక జరుగుతుంది, ఒకచోట జరిగినా మానినా ఒకటే, ఒకచోట జరగనే జరగదు, ఇంకోచోట మరేదో జరుగుతుంది. ఈ నాలుగూ ఆ ఒక్క మాటలోనే. సూత్రం రాసినవారు కూడా కొంత మనకే వదిలేస్తారు. ఈ ఆట అయితే పుట్టుకతోనే అలాంటిది. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ మూడు చిన్న పుస్తకాలుగా తెచ్చినప్పుడు చాలా సంగతులు ఆట నడిపేవారి తెలివికే వదిలేశారు.

అలాగని ప్రతిదానికీ ఆంతర్యం వెతుకుతూ కూర్చోమనడం లేదు. ఒకే వంతులో బోనస్ యాక్షన్‌తో (అసలు పనికి తోడు దొరికే అదనపు చిన్న పనితో) ఒక మంత్రం వేస్తే, ఇక క్యాంట్రిప్ (ఎన్నిసార్లయినా వేసుకోగల చిన్న మంత్రం) తప్ప ఇంకో మంత్రం వేయకూడదన్న నియమం ఉంది చూడు, దాని మీద ఎంతమంది విసుక్కున్నా అందులో అర్థం కానిదేమీ లేదు. నచ్చదు, అంతే. దాన్ని ఆట మధ్యలో సవరిస్తే, దాన్ని నమ్ముకుని మంత్రాలు ఎంచుకున్నవాళ్లు నష్టపోతారు. దాని జోలికి వెళ్లకు.

ఇంత చెబుతున్న నేనేమీ తక్కువ తినలేదు. నీ ఆటలో నా పాత్ర, ఆ విలుకాడి సంగతి గుర్తుందా? కాపలావాడు 400 అడుగుల దూరంలో ఉన్నాడు. పెద్ద విల్లుకు 150 అడుగులు దాటితే డిసడ్వాంటేజ్. మన దళంలో మంత్రం తెలిసినవాణ్ని బతిమాలి నా చుట్టూ పొగమంచు కమ్మించుకున్నాను. వాడు నాకు కనబడడు కాబట్టి ఇంకో డిసడ్వాంటేజ్. నేను వాడికి కనబడను కాబట్టి అడ్వాంటేజ్. నష్టాలు ఎన్ని ఉన్నా ఒక్క లాభంతో అన్నీ రద్దవుతాయి కాబట్టి, మామూలుగా ఒకే పాచిక! ఎండలో గురి కుదరనివాడికి మంచులో కుదిరింది. నువ్వు కళ్లజోడు సవరించుకుని ఆ పేజీ రెండుసార్లు చదివి, పెదవి బిగించి, "సరే, వేయండి" అన్నావు. పదిహేడు పడింది. నేను చేసిన గోల నీకు తెలుసు.

మరుసటి వారం అదే మంచులోంచి గోబ్లిన్లు అనే పొట్టి రాక్షసులు నా మీద బాణాలు వేశాయి. 200 అడుగుల దూరం నుంచి, వాటి చిన్న విల్లులతో. మూడో బాణానికి నా విలుకాడు నేలకూలాడు. "ఇదేం అన్యాయం!" అని అందరికంటే ముందు అరిచింది నేనే. నువ్వు మాట్లాడకుండా పుస్తకం నా వైపు తిప్పి ఆ వాక్యం మీద వేలు పెట్టావు. ఆ తర్వాతి ఆట మొదలుపెట్టేముందు, "ఇకమీదట దూరం వల్ల వచ్చే నష్టం మంచుతో పోదు. ఇది పుస్తకంలో లేదు, నేను పెట్టిన నియమం. అందరికీ, గోబ్లిన్లకు కూడా" అని చెప్పావు. ఎవరూ నొచ్చుకోలేదు, నేను కూడా.

నిన్న నువ్వు ఆ మాటే అనలేకపోయావు. అలసిపోయి ఉంటావు, పోరు మధ్యలో పుస్తకం చాటున నిలబడటం తేలిక. ఒకవేళ నీ తీర్పు మార్చుకోకూడదనుకున్నా ఫరవాలేదు, కానీ అది నీ తీర్పని అతనికి చెప్పు. మారుస్తానంటే అదీ ఫోను చేసి చెప్పు, వచ్చే ఆటదాకా ఆగకు. ఆ అదృశ్య శత్రువు ఇంకా బతికే ఉన్నాడన్నావుగా, అతనికి ఇంకో దెబ్బ వేసే అవకాశం ఉంది.

నేను సెలవుల్లో వస్తాను. నా విలుకాడి కాగితం పారేయలేదు కదా? పుస్తకం ఎడం వైపు జేబులో ఉండాలి, చూడు.

నాన్న