పాత పేర్లు మార్చడం గురించి

సాఫ్ట్‌వేర్‌లో వాడే మాస్టర్–స్లేవ్ (యజమాని–బానిస), బ్లాక్‌లిస్ట్ అనే పేర్లు మార్చాలా వద్దా అన్న నిన్నటి వాదన సగంలో ఆగిపోయింది కాబట్టి నా మాట చెప్తున్నా. మార్చాలి. ఒక డేటాబేస్ నుంచి ఇంకోదానికి కాపీ వెళ్తుంటే దాన్ని స్లేవ్ అనడం ఎందుకు, రెప్లికా అంటే అది చేసే పనేంటో కూడా వెంటనే తెలుస్తుంది కదా. ఇదంతా 2020లో పుట్టిన ఫ్యాషన్ అని ఒకరు రాశారు, కాదండీ, జాంగో అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్ 2014లోనే మాస్టర్–స్లేవ్ పేర్లు మార్చింది.

పేర్లు మారిస్తే పాత స్క్రిప్టులు ఆగిపోతాయన్న భయం మాత్రం నిజమే, దాన్ని కొట్టిపారేయకండి. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ 8.0.22 వెర్షన్‌లో స్టార్ట్ రెప్లికా అనే కమాండ్ వచ్చాక కూడా పాత స్టార్ట్ స్లేవ్ చాలాకాలం పనిచేసింది, 8.4లో తీసేశారు, ఇంకా పాత కమాండే పిలిచే బ్యాకప్ స్క్రిప్ట్ ఉంటే అక్కడ ఎర్రర్ కొట్టి ఆగుతుంది. లినక్స్ కెర్నల్ (ఆ ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) రాసేవాళ్లు 2020లో కొత్త కోడ్‌లో ఈ పేర్లు వద్దన్నారు, కానీ యూజర్‌స్పేస్ (అంటే కెర్నల్ బయట నడిచే ప్రోగ్రాములు) ఆధారపడ్డ పాతవాటికి మినహాయింపు ఇచ్చారు. నాకు ఆ పద్ధతే నచ్చింది.

మాస్టర్ బ్రాంచ్ (గిట్‌లో కోడ్ ప్రధాన శాఖకి ఉండే పాత పేరు) సంగతి నేనింకా తేల్చుకోలేదు. "ఎవరూ బాధపడట్లేదుగా" అని మాత్రం దయచేసి అనకండి, బాధపడేవాళ్లు మీటింగ్‌లో చెయ్యెత్తి చెప్పరు. మన కొత్త కాన్ఫిగ్ ఫైళ్లలో అనుమతించేవాటికి అలౌలిస్ట్, అడ్డుకునేవాటికి బ్లాక్‌లిస్ట్ బదులు డినైలిస్ట్ అనే వాడదాం, అభ్యంతరం ఉంటే ఇక్కడే రాయండి.