జవాబివ్వకుండానే మూసేసిన నా ఫిర్యాదు గురించి

కస్టమర్ సర్వీస్ విభాగం అధిపతి గారికి,

విషయం: నాలుగుసార్లు "పరిష్కారమైంది" అని మూసేసిన ఫిర్యాదు

నమస్కారం.

ఈ ఉత్తరం చివరికి ఎవరి చేతికి వెళ్తుందో నాకు తెలియదు. ఏడు వారాల్లో మీ కంపెనీ తరఫున నాతో మాట్లాడినవాళ్లలో ఒకసారి దొరికినవాళ్లు రెండోసారి దొరకలేదు. అందుకే పేరు లేకుండా పదవికే రాస్తున్నాను.

ముందు ఒక మాట. మా పాప కోసం కొన్న చొక్కాలో లోపమేమీ లేదు. రంగు పోలేదు, సైజు సరిపోయింది. నాకు డబ్బు వాపసు వద్దు, మరో చొక్కా వద్దు. ఈ మాట మీవాళ్లకు చెప్పిచెప్పి నోరు నొప్పి పుట్టింది. దయచేసి మీరైనా దీన్ని సైజు మార్పిడి కింద నమోదు చేయకండి.

పాప ఇప్పుడిప్పుడే చదవడం నేర్చుకుంటోంది. కనిపించిన ప్రతి అక్షరాన్నీ కూడబలుక్కుంటుంది. ఒకరోజు చొక్కా లోపల, పక్క కుట్టులో ఉన్న లేబుల్ పట్టుకుని "బంగ్లాదేశ్‌లో తయారైంది" అని చదివి, "ఎవరు కుట్టారమ్మా?" అని అడిగింది. లేబుల్ తిప్పి చూశాను. దేశం పేరు, దాని కింద ఐదంకెల సంఖ్య, అంతే. దాని పక్కనే ఒకచోట కుట్టు తప్పితే విప్పి మళ్లీ కుట్టిన గుర్తు ఉంది. పాత సూది రంధ్రాలు చిన్న చుక్కల్లా వరసగా కనిపిస్తున్నాయి. ఎవరో ఒక మనిషి తప్పు చూసుకుని, విప్పి, సరిచేసిన చోటు అది. ఆ మనిషి ఏ భవనంలో కూర్చుని కుట్టిందో తెలుసుకోవాలనిపించింది. ఈ చొక్కా ఏ ఫ్యాక్టరీలో తయారైంది, ఆ భవనాన్ని చివరిసారి ఎప్పుడు తనిఖీ చేశారు? మిమ్మల్ని అడిగింది ఇంతే.

మీ వెబ్‌సైట్‌లో ఫిర్యాదుకు ఐదు రకాలే ఉన్నాయి. చిరిగింది, సైజు సరిపోలేదు, వేరే వస్తువు వచ్చింది, ఆలస్యమైంది, ఇతరాలు. నేను "ఇతరాలు" నొక్కి వివరంగా రాశాను. మూడు రోజుల తర్వాత సైజు మార్చుకోవడం ఎలాగో చెబుతూ మెయిల్ వచ్చింది. ఫిర్యాదు మూసేశారు.

చాట్‌లోకి వెళ్లాను. బిల్లు నంబర్ అడిగారు, ఇచ్చాను. ఫోటో అడిగారు, పంపాను. డ్యామేజ్ ఎక్కడుందో గుండ్రంగా గీసి పంపమన్నారు. డ్యామేజ్ లేదండీ, నాది ఒక ప్రశ్న అన్నాను. "ఒక్క నిమిషం" అన్నారు. నలభై నిమిషాలు ఆ తెర ముందే కూర్చున్నాను. తర్వాత చాట్ దానంతటదే ముగిసి, సేవ ఎలా ఉందో ఐదు నక్షత్రాల్లో చెప్పమంది.

ఫోన్ చేశాను. మొదటి అమ్మాయి క్వాలిటీ విభాగానికి కలిపింది. అక్కడ మాట్లాడినాయన నేను వాక్యం పూర్తి చేసేలోపే ఇది తమ పని కాదన్నాడు, సామాజిక బాధ్యత విభాగాన్ని అడగమన్నాడు. ఆ విభాగానికి ఫోన్ నంబర్ లేదు. మెయిల్ పెడితే మీ వార్షిక నివేదిక లింకు వచ్చింది. రెండు రాత్రులు కూర్చుని మొత్తం చదివాను. నవ్వుతున్న కార్మికుల బొమ్మలున్నాయి, నీతి నియమావళి ఉంది, సరఫరాదారుల ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లు ఎప్పుడైనా ఫిర్యాదు చేసుకోవచ్చన్న హామీ ఉంది. నా ఐదంకెల సంఖ్యకు అర్థం మాత్రం ఎక్కడా లేదు.

మళ్లీ ఫోన్ చేస్తే ఒక సూపర్‌వైజర్ సరఫరాదారుల వివరాలు వ్యాపార రహస్యమని చెప్పి పెట్టేశారు. మర్నాడు డిస్కౌంట్ కూపన్ వచ్చింది. అది చూసినప్పుడు కళ్లలో నీళ్లు తిరిగాయి. నేనేదో బేరం ఆడటానికి వచ్చాననుకున్నారు.

ఒక్క అబ్బాయి మాత్రం పూర్తిగా విన్నాడు. గొంతు తగ్గించి, "మేడమ్, మా స్క్రీన్ మీద ఫ్యాక్టరీ వివరాలే ఉండవు. నేను వెతకను కూడా వెతకలేను" అన్నాడు. అతని మీద నాకు కోపం లేదు. అతనికేమీ కాకూడదని ఆ కాల్ తేదీ కూడా ఇక్కడ రాయడం లేదు.

వ్యాపార రహస్యమన్న మాట నేను ఒప్పుకోను. 2005లోనే నైకీ తన ఫ్యాక్టరీల పేర్లు, చిరునామాలు బయటపెట్టింది. తర్వాత ఎన్నో కంపెనీలు అదే పని చేశాయి.

ఇంత పట్టుపట్టడానికి కారణం ఉంది. 2013 ఏప్రిల్ 23న ఢాకా దగ్గర సావర్‌లో, రానా ప్లాజా అనే ఎనిమిది అంతస్తుల భవనంలో గోడలు బీటలు వారాయి. మర్నాడు కింది అంతస్తుల్లోని బ్యాంకు, దుకాణాలు తెరవలేదు. పై అంతస్తుల్లో బట్టలు కుట్టేవాళ్లను మాత్రం భయపడుతున్నామన్నా వినకుండా పనిలోకి పిలిచారు. ఆ ఉదయమే భవనం కూలింది. 1,134 మంది చనిపోయారు, దాదాపు 2,500 మంది గాయపడ్డారు. అక్కడ ఎవరి బట్టలు తయారవుతున్నాయో తేల్చడానికి జనం శిథిలాల్లో లేబుళ్లు ఏరాల్సి వచ్చింది. నా చొక్కా లేబుల్ నా చేతిలో ఉండగా, భవనం నిలబడి ఉండగా అడుగుతున్నాను నేను. ఇప్పుడు కూడా చెప్పరా?

తనిఖీలు చేయిస్తున్నామని మీ నివేదికలో ఉంది. కరాచీలోని అలీ ఎంటర్‌ప్రైజెస్ అనే బట్టల ఫ్యాక్టరీకీ తనిఖీ జరిగింది. 2012 సెప్టెంబర్ 11న మంటలు అంటుకోవడానికి కొన్ని వారాల ముందే దానికి ఎస్ఏ8000 సర్టిఫికెట్, అంటే కార్మికుల పని పరిస్థితులు సరిగ్గా ఉన్నాయని చెప్పే సర్టిఫికెట్, వచ్చింది. కిటికీలకు ఊచలు, తలుపులకు తాళాలు. 250 మందికి పైగా చనిపోయారు. అందుకే తనిఖీ జరిగిందన్న ఒక్క ముక్కతో నాకు సరిపోదు. ఎవరు చేశారు, ఏం చూశారు, బయటికి వెళ్లే దారులు తెరిచి ఉన్నాయా అన్నది కావాలి. రానా ప్లాజా తర్వాత ఫ్యాక్టరీల భద్రత కోసం బట్టల కంపెనీలు, కార్మిక సంఘాలు చట్టపరంగా కట్టుబడేలా కుదుర్చుకున్న అకార్డ్ అనే ఒప్పందం కింద తనిఖీ నివేదికలు ఫ్యాక్టరీ పేరుతో సహా అందరికీ కనిపించేలా పెట్టారు. మీరు పేరు చెబితే చాలు, మిగతాది నేనే చూసుకుంటాను.

నా దగ్గర బిల్లుంది, ఫోన్ ఉంది, అరగంట లైన్‌లో వేచి ఉండే తీరిక ఉంది. అయినా నా ప్రశ్నకు మీలో ఒక్కరూ జవాబివ్వలేదు. జీతం కోతకు భయపడుతూ, షిఫ్టు మధ్యలో మీ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసే అమ్మాయి మాట ఎవరు వింటారు? గోడ బీటవారిందని ఆమె చెబితే ఏ గడిలో రాసుకుంటారు, "ఇతరాలు"లోనా?

పదకొండేళ్లుగా మీ దగ్గరే కొంటున్నాను. పాప పుట్టకముందు కొని దాచుకున్న మొదటి జత బట్టలు మీవే. చుట్టాలకు, స్నేహితులకు మీ పేరే చెప్పాను. మీ పాయింట్ల కార్డు ఈ ఉత్తరంతో తిప్పి పంపిస్తున్నాను. ఆ పాయింట్లు నాకు వద్దు.

పదిహేను రోజుల్లో పేరు, హోదా ఉన్న ఒక మనిషి సంతకంతో జవాబు రావాలి. అందులో ఫ్యాక్టరీ పేరు, చిరునామా, తనిఖీ తేదీ ఉండాలి. ఆ ఫ్యాక్టరీ మీ ఆర్డర్‌ని మరొకరికి అప్పగించి ఉంటే వాళ్ల వివరాలూ ఉండాలి. రాకపోతే ఈ ఏడు వారాల మెయిళ్లు, చాట్లు అన్నీ మీ డైరెక్టర్లలో ప్రతి ఒక్కరికీ విడివిడిగా పంపుతాను. బహుళజాతి కంపెనీల నడవడిపై ఓఈసీడీ (ఆర్థిక సహకారం కోసం ఏర్పడిన దేశాల సంస్థ) మార్గదర్శకాల కింద ఫిర్యాదులు తీసుకునే జాతీయ సంప్రదింపు కేంద్రం మీ ప్రధాన కార్యాలయం ఉన్న దేశంలోనూ ఉంది. అక్కడికీ రాస్తాను. కార్మిక సంఘాలకూ పంపుతాను.

చొక్కా పాప వేసుకుంటూనే ఉంది. ఎవరు కుట్టారో కనుక్కున్నావా అని మొన్న మళ్లీ అడిగింది. ఉత్తరం రాస్తున్నానని చెప్పాను.

ఇట్లు,
పదకొండేళ్ల మీ కస్టమర్

జతపరచినవి: లేబుల్ ఫోటో, ఏడు వారాల మెయిళ్లు, చాట్ల ప్రతులు, పాయింట్ల కార్డు