చెల్లెలి ఇంట ఈస్టర్ భోజనం

సంపాదకులకు నమస్కారం.

మతం మారిన బంధువుల ఇంటికి పండుగ భోజనానికి వెళ్లవచ్చా, వెళ్తే మన ఆచారం చెడుతుందా అన్న వాదన ఏటా ఈస్టర్ దగ్గరపడేసరికి మా చిత్తూరులో మొదలవుతుంది. ఈసారి అది మా ఇంటి గడప దాకా వచ్చింది కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను హిందువును, ఉపాధ్యాయురాలిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. మా చెల్లెలు ఇరవై రెండేళ్ల కిందట బాప్తిస్మం తీసుకుంది. మా పెద్దవాళ్లు అనే మాటలో చెప్పాలంటే 'వేదంలో కలిసింది'.

డబ్బు ఇచ్చారా, బియ్యం ఇచ్చారా అని నన్ను ఇప్పటికీ అడిగేవాళ్లున్నారు. మా మరిది తాగుడుకు అలవాటుపడి ఇంట్లో బిందెలు సైతం అమ్ముకుంటున్న రోజుల్లో, అయినవాళ్లం మేము తలుపులు వేసుకుంటే, వాళ్ల వీధిలోని పాస్టరుగారు, ఆయన భార్య రాత్రిపూట వచ్చి ఆ మనిషి పక్కన కూర్చున్నారు. అతను తాగుడు మానేశాడు. అది ప్రార్థన ఫలమో, పక్కన మనిషి ఉన్న ఫలమో నేను తేల్చలేను. మేము వెళ్లలేదన్నది మాత్రం నిజం. తనకు నచ్చిన మతాన్ని అవలంబించే హక్కును రాజ్యాంగం 25వ అధికరణంలో ఆమెకు ఇచ్చింది. నేను ఆ హక్కు గురించి కాక, ఆ తర్వాత మా మధ్య తిండి ఎలా తెగిపోయిందో, మళ్లీ ఎలా అతుక్కుందో చెప్పదలచుకున్నాను.

మా అమ్మ ఆరేళ్లు చెల్లెలి గడప తొక్కలేదు. అమ్మ తండ్రి, అంటే మా తాత, మదనపల్లె దగ్గర మిషన్‌వారు పెట్టిన ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రిలో నెలల తరబడి వాళ్లు పెట్టిన అన్నం తిని బతికి వచ్చిన మనిషి. ఆ సంగతి అమ్మే మాకు చిన్నప్పుడు గర్వంగా చెప్పేది, కానీ కూతురి ఇంటి అన్నం దగ్గరికి వచ్చేసరికి ఆమెకు అది గుర్తుకు రాలేదు. మరిది చనిపోయిన తర్వాత వచ్చిన మొదటి ఈస్టర్‌కు అమ్మ తనంతట తానే కదిలింది. పౌర్ణమి దాటిన ఆదివారం ఈ పండుగ వస్తుందని చెల్లెలి కూతురు చెప్పగా, పంచాంగం తీసి తిథి చూసుకుని, చీకటితోనే లేచి, చామంతులు తీసుకుని నాతో సమాధుల తోటకు వచ్చింది. మన దగ్గర క్రైస్తవులు ఈస్టర్ నాడు తెల్లవారకముందే సమాధుల దగ్గరికి వెళ్తారు. ముందురోజే కలుపు పీకి, సున్నం కొట్టి, ఆ వేకువన పూలు పరిచి కొవ్వొత్తులు వెలిగిస్తారు. గాలికి ఆరిపోతున్న కొవ్వొత్తికి అమ్మ చేతులు అడ్డం పెట్టి, చెల్లెలు పాట పూర్తిచేసేదాకా అలాగే వంగి నిలబడింది. ఆ మధ్యాహ్నం చెల్లెలి ఇంట్లో భోంచేసింది.

ఆ భోజనం గురించి కొంచెం చెప్పాలి. భస్మ బుధవారం నుంచి ఆదివారాలు పోను నలభై రోజుల శ్రమల కాలంలో చెల్లెలు మాంసం ముట్టదు, శుభ శుక్రవారం నాడు, సిలువపై యేసు పలికిన ఏడు మాటలను ధ్యానించే ఆరాధన ముగిసేదాకా మంచినీళ్లతోనే ఉంటుంది. అందుకే ఈస్టర్ నాడు మటన్, నాటుకోడి పులుసు, రాగి సంగటి, వడలు, పాయసం అన్నీ ఉంటాయి, వీధిలో పదిళ్లకు క్యారియర్లు వెళ్తాయి. తిరుమల మొక్కు వల్ల అమ్మ మాంసం మానేసి చాలా ఏళ్లయింది. చెల్లెలు తెల్లవారే పొయ్యి కడిగి, మాంసం ఇంట్లోకి రాకముందే అమ్మకు పప్పు, బీన్స్ తాలింపు, పాయసం వండి వేరే గదిలో పెడుతుంది. ఇప్పటికీ అదే పద్ధతి.

నా వైపు నుంచి మాత్రం నేను నేర్చుకోవడానికి ఎక్కువ కాలం పట్టింది. తిరుమల లడ్డూ ఇస్తే చెల్లెలు తీసుకుని పక్కింటివాళ్లకు ఇచ్చేస్తోందని తెలిసి నేను నొచ్చుకుని కొన్ని నెలలు మాట్లాడలేదు. చివరికి తనే, "అక్కా, దేవుడికి పెట్టింది నాకు ఇవ్వొద్దు, పెట్టనిది ఏదిచ్చినా తింటాను" అని చెప్పింది. విగ్రహాలకు అర్పించిన తిండి గురించి బైబిల్లో పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో 8, 10 అధ్యాయాలను తను నాకు చదివి వినిపించింది. అవిశ్వాసి భోజనానికి పిలిస్తే ఏమీ ఆరా తీయకుండా వడ్డించింది తినమని, ఇది అర్పించినదని ఎవరైనా చెబితే మాత్రం తినవద్దని అందులో ఉంది. నైవేద్యానికి ముందే గిన్నెలోంచి తీస్తే ఎంగిలి అవుతుందని మా పెద్దమ్మ అభ్యంతరం చెప్పింది, అదీ న్యాయమే. అందుకని వినాయక చవితికి చెల్లెలి కోసం చిన్న గిన్నెలో వేరుగా కుడుములు వండుతున్నాను. దీనికి అరగంట ఎక్కువ పడుతుంది, అంతే.

ఈ ఏడాది ఈస్టర్ భోజనాల్లో రెండు పనులు జరిగాయి, రెండూ తప్పే. బయటి ఊరి నుంచి వచ్చిన ఒక ప్రసంగికుడు, బంధువులు విస్తళ్ల ముందు కూర్చున్నాక లేచి, విగ్రహాలను కొలిచేవాళ్లకు నరకమని చెప్పి, ప్రభువును అంగీకరించేవాళ్లు చేతులెత్తమన్నాడు. మా అమ్మ కలిపిన ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఇంటి పాస్టరుగారే ఆయన్ను కూర్చోబెట్టారు. అదే సమయంలో గేటు బయట నుంచి ఒక కుర్రవాడు ఫోన్‌లో వీడియో తీసి 'మతమార్పిడి విందు' అని పేరుపెట్టి వాట్సాప్‌లో తిప్పాడు. దాంట్లో ముఖం కనబడిన ఎదురింటి ఆమె, ఎప్పుడూ క్యారియర్‌లో ఏదో ఒకటి వేసి పంపే మనిషి, మర్నాడు ఖాళీ క్యారియర్ వరండాలో పెట్టి వెళ్లిపోయింది.

ఆమె భయానికి కారణం లేకపోలేదు. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ప్రకారం హిందూమతం, 1956 నుంచి సిక్కుమతం, 1990 నుంచి బౌద్ధమతం అవలంబించేవారికి మాత్రమే ఎస్సీ హోదా వర్తిస్తుంది. క్రైస్తవం తీసుకున్నవారికి వర్తించదు. ఎదురింట్లో ఆ ఎస్సీ హోదాతో ఉద్యోగానికి చదువుతున్న కొడుకున్నాడు. పండుగ భోజనానికి వెళ్లడం మతం మారడం కాదని తెలిసినా, వీడియో చూసి ఎవరైనా అర్జీ పెడితే తిరగాల్సింది ఆ తల్లే. తిరుమల పవిత్రత కోసం కొండమీద అన్యమత ప్రచారాన్ని నిషేధిస్తూ 2007లో తెచ్చిన చట్టాన్ని నేను సమర్థిస్తాను. అది ప్రచారానికి సంబంధించిన చట్టం, చెల్లెలు అక్కకు పంపే క్యారియర్‌కు సంబంధించింది కాదు.

పాస్టర్లను నేను కోరేది, భోజనానికి పిలిచిన పరమతస్థుల ముందు ప్రసంగం పెట్టవద్దని. చెప్పదలచింది ఆరాధనలో చెప్పండి, ఇష్టమైనవాళ్లు వచ్చి వింటారు. ఇలాంటి వీడియోలు వార్తలుగా మీ దగ్గరికి వచ్చినప్పుడు, అందులో ఉన్నవాళ్లను అడగకుండా వాళ్ల ముఖాలు అచ్చువేయవద్దని మీ పత్రికను కోరుతున్నాను. వీడియో తీసిన ఆ అబ్బాయి ఆరో తరగతి నుంచి ఎనిమిది దాకా నా దగ్గర చదువుకున్నవాడే. దాన్ని తీసేయమని, ఎదురింటి ఆమెకు స్వయంగా చెప్పమని అడగడానికి ఈ ఆదివారం వాళ్లింటికి వెళ్తున్నాను.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, చిత్తూరు